దుమ్ముకు రాయల్టీ

భూమికి ధర కట్టడంలో మన సర్కారు చూపే ఓర్పు పల్నాడులో చూడాలి. మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ 1958లో మొదలైంది. ఆనాటి నుంచి పిడుగురాళ్ల సున్నపు బట్టీల దాకా, దాచేపల్లి క్వారీల దాకా ఈ నేల కడుపులోని రాయికి వాటాదారులు చాలామందే. పైన పడే దుమ్ము మాత్రం అచ్చంగా రైతుదే. అందులో ఇంతవరకు ఎవరూ వాటా అడగలేదు.

ఆ రైతు పొలం రేపు రోడ్డుకో రైలుకో కావాలి. నడికుడి-శ్రీకాళహస్తి లైను 309 కిలోమీటర్లు, పల్నాడు మీదుగానే పోతుంది. రైలు రావాలి, అందులో పేచీ లేదు. పేచీ అంతా లెక్కలోనే. 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్ ఏమంటుంది? మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజులు తీసి సగటు కట్టమంటుంది. స్టాంపుల చట్టం కింది విలువ అంతకు మించితే అదే ఖాయం. పైన నూరు శాతం సొలేషియం, అంటే ఊరట సొమ్ము. చదువుతుంటే కళ్లు చెమర్చాలి. దుమ్ము వల్ల కూడా కావచ్చు.

ఎందుకంటే మిరప ఆకుల మీద తెల్లగా పొడి పేరుకున్న పొలాన్ని కొనేదెవరు? కొన్నా ఎంతకు? ఆ కాస్త ధరలోనూ స్టాంపు డ్యూటీ మిగుల్చుకోవడానికి దస్తావేజులో రాసేది ఇంకా తక్కువ. క్వారీకి లీజు ఇచ్చిందీ సర్కారే, లీజు దెబ్బకు పడిపోయిన ధరను చూపించి ‘మార్కెట్ రేటు ఇదేనయ్యా’ అనేదీ సర్కారే. పోనీ, పక్క రైతుకు ఇదే చట్టం కింద కాస్త మంచి పరిహారం దక్కిందనుకోండి, అది లెక్కలోకి రాదని చట్టమే రాసుకుంది. ఇంత ముందుచూపు కాలుష్య నియంత్రణలో ఉంటే బాగుండేది.

ఊళ్లోకి వచ్చి జనం గోడు వినే ఏర్పాటు ఒకటుంది, సామాజిక ప్రభావ అంచనా. 2018 సవరణతో మన రాష్ట్రం కొన్ని రకాల ప్రాజెక్టులకు దాన్నుంచి మినహాయింపు ఇచ్చుకునే వీలు తెచ్చుకుంది. ఊళ్లోకి వెళ్తే దగ్గు వస్తుంది మరి.

నాదొక సలహా. సున్నపురాయికి రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. రైతు ఏళ్ల తరబడి పర్మిట్ లేకుండా, నయాపైసా కట్టకుండా అదే ఖనిజాన్ని మెత్తగా పొడి చేసిన రూపంలో చేలో నిల్వ పెట్టుకున్నాడు. ఇంటి కప్పు మీది సరుకు, ఊపిరితిత్తుల్లోని సరుకు వేరే పద్దు. మొత్తం తూకం వేయించి, బకాయిని పరిహారంలో కోత పెట్టి, మిగిలింది ఉంటే చెక్కు రాయండి.

అభ్యంతరాలకు చట్టం 60 రోజులు గడువిచ్చింది. రాతపూర్వకంగానే ఇవ్వాలి. కాగితం మీది దుమ్ము దులిపి తెండి, ఆఫీసు పాడవుతుంది.