నో-కోడ్ నోము: వ్రత విధానం, ఉద్యాపనతో సహా

మీ ఆఫీసులో కోడు రాని ఉద్యోగులున్నారా? వాళ్ళ పనులు వాళ్ళే ఆటోమేషన్ చేసుకునేట్టు తయారుచెయ్యమని ఓనరుగారు మీకు పురమాయించారా? అయితే ఈ వ్యాసం కత్తిరించి దాచుకోండి. గుంటూరులో ఒక పురుగుమందుల డిస్ట్రిబ్యూటరు దగ్గర మేనేజరుగా రెండేళ్ళపాటు ఈ నోము నోచి, ఫలం కళ్ళారా చూసినవాణ్ణి నేను.

ముందు సంకల్పం చెప్పుకోవాలి. ఏ పని ఆటోమేషన్ చెయ్యాలో తేలకముందే ఏ టూలు కొనాలో తేల్చేసుకోండి. పవర్ ఆటోమేట్, జాపియర్, యాప్‌షీట్, ఎయిర్‌టేబుల్ అని నాలుగు పేర్లు తడబడకుండా పలికితే మీరు నిపుణుల కిందే లెక్క. సంతకెళ్ళి ముందు ముకుతాడు కొని, తర్వాత దానికి సరిపడే ఎద్దు కోసం తిరగడం లాంటిదని మా గోడౌన్ గుమాస్తా గొణిగాడు. వాడికేం తెలుసు, పదో తరగతి.

కోడు రాయకుండా కంప్యూటరు చేత చాకిరీ చేయించుకోవాలన్న కోరిక నిన్నా మొన్నటిది కాదు. 1979లో విసికాల్క్ వచ్చినప్పుడే గుమాస్తాలు ప్రోగ్రామరు గుమ్మం తొక్కకుండా తమ లెక్కలు తాము వేసుకోవడం మొదలుపెట్టారు. ఆ మాటకొస్తే మీ అకౌంట్స్ మేడమ్ ఎక్సెల్‌లో వీలుకప్ పెట్టినప్పుడల్లా చేస్తున్నది ప్రోగ్రామింగే. ఈ సంగతి ఆవిడకు పొరపాటున కూడా చెప్పకండి. చెబితే ధైర్యం వస్తుంది, ధైర్యం వస్తే ప్రశ్నలొస్తాయి.

అసలు రహస్యం ఇక్కడే ఉంది: పని చేసేవాళ్ళను పని గురించి అడక్కూడదు. మా మేడమ్ 19 ఏళ్ళుగా అదే కుర్చీలో ఉంది. వాట్సాప్‌లో డీలర్లు పెట్టే ఆర్డర్లు చూసి, షీటులో ఎక్కించి, బిల్లుకు పంపేది. చూసి కొట్టడమేగా, దానికో మనిషా అనుకున్నాను. గూగుల్ ఫారం పెట్టించాను. డీలరు ఫారం నింపుతాడు, షీటులో వరస పడుతుంది, బిల్లు దానంతటదే తయారవుతుంది. "సార్, ఒక్క మాట" అంటూ మేడమ్ మూడుసార్లు నా గదిలోకి వచ్చింది. మూడుసార్లూ ఫోన్లో ఉన్నట్టు నటించాను. మీరూ నటించండి.

ఆవిడ చెప్పబోయిందేమిటో సీజన్లో తెలిసింది. పల్నాడు వైపు డీలరొకాయన ఏటా ఒకే మెసేజీ పెడతాడు: "అమ్మా, పోయినసారి పంపినట్టే పంపు." పోయినసారంటే పోయిన వారం కాదు, కిందటేడు పత్తి సీజను. ఇంకొకాయన పది పెట్టెలడిగితే ఆరే పంపాలి, తక్కిన నాలుగూ పాత బకాయి కట్టాకే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మర్యాద కోసం పది అడుగుతాడు. మరొకాయనకు రెండు కొట్లు, రెండు జీఎస్టీ నంబర్లు, ఫోను మాత్రం ఒకటే. ఆర్డరు ఏ కొట్టుకో మెసేజీ పెట్టిన వేళను బట్టి మేడమ్ పోల్చుకునేది. ఇవేవీ ఎక్కడా రాసిలేవు. రాసిలేనిది లేనట్టే కదా! "పోయినసారిలాగే" అన్న గడి మా ఫారంలో లేదు. పాపం ఆ పల్నాడు పెద్దమనిషి ఆ ముక్క ఇతర వివరాల్లో రాసి, ఫారం కదలనివ్వడం లేదని పరిమాణం దగ్గర 1 కొట్టాడు. ఒకే ఒక్క లీటరు డబ్బా లారీ ఎక్కి దర్జాగా బయల్దేరింది. అది అందుకున్న రోజు ఆయన మేడమ్‌కు ఫోన్ చేసి, "ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడట.

తర్వాతి సూత్రం: షీటు ఏది మార్చినా అభ్యంతరం చెప్పొద్దు. డీలర్ల జాబితా ఎక్సెల్‌లో కొడుతుంటే డోర్ నంబరు 2-10ని అది అక్టోబరు 2 అనుకుంది. బిల్లు మీద ఆ కొట్టు అడ్రసు గాంధీ జయంతి, మెయిన్ రోడ్డు అయింది. 15-8లో ఉండే ఆయన స్వాతంత్ర్య దినోత్సవంలోకి మారాడు. 12 అంకెల ఆధార్ నంబర్లు మధ్యలో చుక్క, చివర ఈ ప్లస్ 11 తగిలించుకుని శాస్త్రవేత్తల్లా తయారయ్యాయి. బ్యాంకు ఖాతా నంబర్లకు ముందున్న సున్నాలు రాలిపోయాయి. 15 అంకెలు దాటిన ఖాతాలకు ఎక్సెల్ చివర్న సున్నాలు పెట్టింది. అక్కడ తీసి ఇక్కడ పెట్టింది, మొత్తమ్మీద సున్నాల లెక్క సరిపోయింది. కొట్టడానికి ముందే గడిని టెక్స్ట్‌గా మార్చుకుంటే ఈ గొడవలేవీ ఉండవంటారు. దానికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం మిగుల్చుకోవడానికే కదండీ ఈ తంటాలన్నీ!

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మార్చ్1, సెప్ట్1 అనే పేర్లున్న మనిషి జన్యువుల్ని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, పెద్దపెద్ద శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి వేగలేక 2020 నాటికి జన్యువులకే కొత్త పేర్లు పెట్టుకున్నారు. మార్చ్1 ఇప్పుడు మార్చ్‌ఎఫ్1. మీరూ డీలర్లను ఇల్లు మారమనండి.

ఆ ఏడాదే ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ కోవిడ్ ఫలితాల్ని పాత ఎక్సెల్ ఫార్మాటులోకి ఎక్కించింది. అందులో 65,536 వరసలకు మించి పట్టవు. పట్టనివి చప్పుడు లేకుండా జారిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కకెక్కలేదు, వాళ్ళను కలిసినవాళ్ళను వెతకడం ఆ మేరకు ఆలస్యమైంది. మనిషి పని మానేస్తే ఖాళీ కుర్చీ కనిపిస్తుంది. ఫ్లో, అంటే మనం కట్టిన ఆటోమేషన్, మానేస్తే ఏం కనిపిస్తుంది? అందుకని ఆగిపోయినప్పుడల్లా వచ్చే ఎర్రర్ మెయిళ్ళను కనపడకుండా వేరే ఫోల్డరులోకి తోసేసే ఏర్పాటు మొదటిరోజే చేసుకోండి. నేను చేయించిన ఆటోమేషన్లలో చివరిదాకా ఒక్కరోజు కూడా ఆగకుండా పనిచేసింది అదొక్కటే.

గుమాస్తాలు సొంతంగా ఏమైనా చేసుకుంటే మాత్రం మొగ్గలోనే తుంచెయ్యాలి. మా గోడౌన్ గుమాస్తా ఎవర్నీ అడక్కుండా తన స్టాకు షీటులో ఒక రంగు పెట్టుకున్నాడు. మందు గడువు తీరడానికి 60 రోజులుందనగా ఆ గడి ఎర్రబడుతుంది. ఎర్రబడినవి ముందు బయటికి పంపేవాడు. రెండేళ్ళలో గడువు దాటి మిగిలిపోయిన డబ్బా ఒక్కటి లేదు. దానికి లోగో లేదు, డాష్‌బోర్డు లేదు, ఓనరుగారికి చూపించడానికి బొమ్మ లేదు. వెంటనే తీయించేశాను.

ఇహ కలశ స్థాపన. ఫ్లో ఎవరి అకౌంటు మీద నడవాలి? ఆఫీసు పేర ఒక అకౌంటు తెరవడమంటే డబ్బు దండగ. కొత్తగా చేరిన కుర్రాడొకడు దొరుకుతాడు, వాడి సొంత జీమెయిల్ మీద కట్టించండి. మా కుర్రాడు డీలర్లందరికీ నెలనెలా బకాయి మెయిళ్ళు వెళ్ళేట్టు గూగుల్ స్క్రిప్టు ఒకటి చాట్‌బాట్‌ను అడిగి రాయించుకొచ్చాడు. మామూలు జీమెయిల్ నుంచి అలా రోజుకు 100 మందికే వెళ్తాయి. మా డీలర్లు 180. ఇంగ్లీషు అక్షరాల వరసలో ఆర్ దాకా వచ్చేసరికి కోటా అయిపోయేది. మన దేశంలో కొట్ల పేర్లు మీకు తెలియనివి కావు. శ్రీలక్ష్మి, శ్రీసాయి, శ్రీరామ, వెంకటేశ్వర, విజయ, వీరాంజనేయ... దైవబలం ఉన్నవాళ్ళెవరికీ బకాయి మెయిలు వెళ్ళలేదు. వాళ్ళూ మర్యాదస్తులు, అడగందే కట్టలేదు.

పాస్‌వర్డు సంగతి టూకీగా చెబుతాను. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. అందరికీ పంచి, మానిటరుకు చీటీ అంటించండి. తాళాల గురించి మరీ బెంగ పడేవాళ్ళకు పవర్ యాప్స్ అనే నో-కోడ్ టూలు తాలూకు 2021 నాటి ముచ్చట చెప్పండి. ఒక్క సెట్టింగు మార్చకుండా వదిలేసినందుకు పలు సంస్థలవి 3.8 కోట్ల రికార్డులు ఇంటర్నెట్లో ఎవరైనా చూడగలిగేట్టు పడి ఉన్నాయి. వాళ్ళే అలా ఉంటే మనకెందుకు?

చివరికి ఉద్యాపన. మార్చి నెలాఖరున ఆడిటరుగారు వచ్చి డీలర్లవారీగా బకాయిల జాబితా అడిగారు. షీటు తెరవబోతే లేదు. కుర్రాడు జనవరిలోనే బెంగళూరులో వేరే ఉద్యోగంలో చేరాడు. ఫోన్ చేస్తే పాపం నిజమే చెప్పాడు: "చెల్లి పెళ్ళి ఫోటోలకు 15 జీబీ చాల్లేదు సార్, పాత ఫైళ్ళు కొన్ని తీసేశాను." తీసేసిన ఫైలు చెత్తబుట్టలో 30 రోజులుంటుంది. మేం అడిగింది 34వ రోజున. సీజను కాదు కనక అప్పటిదాకా దాన్ని తెరిచి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

అప్పుడు మేడమ్ తన సొరుగు లాగి, అట్ట వేసిన పొడుగు నోటు పుస్తకం తీసి ఆడిటరుగారి ముందు పెట్టింది. ఫారం మొదలైన నాటి నుంచి ప్రతి ఆర్డరూ, ప్రతి జమా, ఎవరు ఏ కొట్టుకు అడిగారో, పోయినసారంటే ఏ సారో, అన్నీ అందులో ఉన్నాయి. రోజూ సాయంత్రం అరగంట కూర్చుని రాసుకునేదట. ఆయన దాంతో రెండు రోజుల్లో పని ముగించుకుని వెళ్ళిపోయారు.

ఆటోమేషన్ పెట్టాక కూడా చేత్తో లెక్కలు రాస్తున్నందుకు ఆవిడకు నేను మెమో ఇచ్చాను. మీరూ ఇవ్వాలి, లేకపోతే మిగతావాళ్ళకు అలుసైపోతాం. ఆవిడ మెమో అందుకుని సంతకం పెట్టి, దాని నంబరూ తేదీ కూడా ఆ పుస్తకంలోనే రాసుకుంది.