నడుమెక్కడ సార్?

చిన్నప్పుడు నాకు జ్వరం తగ్గకపోతే మా అమ్మ తిరుమలలో తులాభారం మొక్కుకుంది. ఒక తట్టలో నేను, ఇంకో తట్టలో బెల్లం. ఐదేళ్ల వాణ్ణి కాబట్టి మా నాయన జేబు బతికిపోయింది. ఇప్పుడు ఎవరైనా నా పేరున మొక్కుకుంటే చిత్తూరు బెల్లం మండీకి పండగే. ఒళ్లు పెరిగేకొద్దీ పుణ్యం పెరిగే తూకం అదొక్కటే. మిగతా త్రాసులన్నీ పాపాల చిట్టా విప్పేవే.

నా గురక భరించలేక మా ఆవిడ నన్ను తిరుపతిలో ఒక డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఎత్తు 166 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. బీఎంఐ 29.8 అన్నారాయన.

"30 దాటలేదు గదా సార్!"

"అది తెల్లవాళ్ల లెక్క. మనకు 25కే ఊబకాయం."

అసలీ లెక్క కట్టిన కెట్లే 1830ల నాటి బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త. జనాభా సగటు కోసం కట్టాడే గానీ నా బొజ్జను దృష్టిలో పెట్టుకుని కాదు. బీఎంఐ అన్న పేరు 1972లో వచ్చింది. ఆ లెక్క గుట్టు 2004లో 'లాన్సెట్'లో పడిన ఒక ఫొటో బయటపెట్టింది. అందులో పుణె డాక్టరు యాజ్ఞిక్, ఆయన బ్రిటిష్ మిత్రుడు యుడ్కిన్ పక్కపక్కనే ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం తెల్లాయనకు 9.1 శాతం, మనాయనకు 21.2. దాచుకోవడంలో మనవాళ్ల తర్వాతే ఎవరైనా!

"నడుమెంత?" అన్నారు డాక్టరు.

"36 అంగుళాలు. పదిహేనేళ్లుగా అంతే" అన్నాను గర్వంగా.

"నడుమెక్కడ సార్?"

బెల్టు చూపించాను. ఆయన నవ్వి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య టేపు చుట్టారు. నేను బొజ్జ లోపలికి పీల్చాను. "ఊపిరి వదలండి" అన్నారు. వదిలాను. 104 సెంటీమీటర్లు, అంటే 41 అంగుళాలు! మన మగవాళ్లకు 90 దాటకూడదట.

గాంధీ రోడ్డులో మా టైలరును నిలదీశాను. "మీరు ప్యాంటు యాడ కట్టుకుంటే నేను ఆడ కొలస్తా సార్. అది ఏడాదికింత కిందికి జారతా ఉంది. బొజ్జ సంగతి చొక్కా లెక్కలో ఉండాది" అని పుస్తకం తీశాడు. ప్యాంటు 36, 36, 36. చొక్కా 40, 42, 44.

బరువు తగ్గడానికి డాక్టరు వారానికో ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఆకలి చచ్చిపోయింది. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి ఎదురుగా ఉన్నా చెయ్యి కదల్లేదు. మూడు నెలలకు 76 కిలోలు! లడ్డూలు పంచబోతే డాక్టరు టేపు తీశారు: 102. "ఆరు కిలోలు పోతే నడుము రెండు సెంటీమీటర్లేనా? కొవ్వుతో పాటు కండా పోతోంది" అని కాళ్లకు చెప్పులు విప్పించి ఒక మిషను ఎక్కించారు. అది ఒంట్లోకి సన్నగా కరెంటు పంపి కొవ్వెంతో అంచనా కడుతుంది. చెంబుడు నీళ్లు తాగొచ్చినా దాని లెక్క మారిపోతుంది. అందుకే ప్రతిసారీ పరగడుపున, ఒకే వేళకు రమ్మన్నారు. ఎముక, కండ, కొవ్వు విడివిడిగా చూడాలంటే డెక్సా స్కాన్ ఉందన్నారు.

అప్పట్నుంచి రోజూ గుడ్లు, ఉలవలు, వారానికోసారి అలిపిరి నుంచి 3,550 మెట్లు. రెండు నెలలు పోయాక చూస్తే అదే 76.

"డబ్బులు పోయినాయి గానీ కేజీ పోలేదే!" అంది మా ఆవిడ.

డాక్టరు మాత్రం టేపు చూసి నా చెయ్యి పట్టుకుని ఊపారు: 96. చొక్కా గుండీలు కూడా ఊపిరి పీల్చుకున్నాయి. ఊరికెళ్తే అమ్మ, "ఎంత చిక్కిపోతివి నాయనా!" అని కళ్లొత్తుకుంది. 82 కిలోలప్పుడూ ఇదే మాట అంది కాబట్టి ఆ కొలతను లెక్కలోకి తీసుకోలేదు.

మీకూ అనుమానముంటే మీ ఎత్తంత దారం కత్తిరించి, రెండు మడతలేసి, ఊపిరి వదిలి నడుముకు చుట్టండి. కొసలు కలిస్తే సరి. కలవకపోతే డాక్టరు దగ్గరికి పోండి. టైలరు దగ్గరికి మాత్రం పోవద్దు.