చోటుకు 48 నిమిషాలు

డిసెంబరు రెండో వారం రాగానే టీవీ చానళ్లకు లంబసింగి గుర్తొస్తుంది. మఫ్లర్ చుట్టుకున్న విలేఖరి మైకు పట్టుకుని, నోట్లోంచి ఆవిరి వదిలి చూపిస్తాడు. వెనకాల చలిమంట, చేతిలో పొగలు కక్కే టీ గ్లాసు, కింద ఎర్ర అక్షరాల్లో ‘ఆంధ్రా కశ్మీర్’. సరిగ్గా ఆ సమయానికే హైదరాబాద్‌లో, ఏ దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఏ కూకట్‌పల్లిలోనో, ఒక బావగారు సోఫాలోంచి లేచి నిలబడతారు. ‘‘శుక్రవారం సాయంత్రం బయల్దేరతాం. ఆదివారం రాత్రికి ఇంట్లో ఉంటాం’’ అంటారు. మామూలుగా కూర్చుని మాట్లాడే మనిషి లేచి చెప్పాడు కాబట్టి ఎవరూ కాదనరు.

మర్నాడు పొద్దున్నే వాట్సాప్‌లో ‘లంబసింగి’ అనే గ్రూపు పుడుతుంది. మధ్యాహ్నానికి ‘లంబసింగి ఫైనల్’. రాత్రికి ‘లంబసింగి ఫైనల్ (పిన్నిగారు లేకుండా)’. బెజవాడ పిన్నిగారిని ఎందుకు వదిలేశారంటే కారులో ఏడు సీట్లే ఉన్నాయి మరి.

ప్లాన్ రాసే బాధ్యత బావమరిదిది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కాబట్టి ఎక్సెల్‌లో రాస్తాడు. లంబసింగి, చెరువులవేనం, తాజంగి రిజర్వాయరు, కొత్తపల్లి జలపాతం, వంజంగి మేఘాలకొండ, అరకు, చాపరాయి, పద్మాపురం గార్డెన్స్, బొర్రా గుహలు, చివర్లో విశాఖ ఆర్కే బీచ్‌లో సూర్యాస్తమయం. మొత్తం పది చోట్లు. ఒక్కోదానికి ఒక్కో రంగు. చూస్తే కళ్లు చల్లబడతాయి. లంబసింగి దాకా పోనక్కర్లేదు అనిపిస్తుంది.

ఆ ఎక్సెల్‌లో లేనిది ఒక్క కూడిక మాత్రమే. అది వేద్దాం. శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి ఆదివారం రాత్రి పది దాకా 52 గంటలు. హైదరాబాద్ నుంచి విజయవాడ, రాజమండ్రి, తుని, నర్సీపట్నం మీదుగా లంబసింగి దాదాపు 600 కిలోమీటర్లు. హైవే ఎంత బాగున్నా టోలు, టీ, టాయిలెట్ కలుపుకుంటే ఒక పక్కకు 13 గంటలు. రానూపోనూ 26. ఒక రాత్రి నిద్రకు 7. స్నానాలకు, టిఫిన్లకు, భోజనాలకు, ‘ఒక్క అయిదు నిమిషాలు’ అంటూ జారిపోయేవాటికి 6. మిగిలినవి 13 గంటలు. డిసెంబరులో మన వైపు పగలే 11 గంటలు, మన్యంలో సాయంత్రం అయిదున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు. చీకట్లో పోయే 5 తీసేస్తే చేతిలో మిగిలేది 8 గంటలు, అంటే 480 నిమిషాలు. పది చోట్లకు పంచితే చోటుకు 48 నిమిషాలు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మధ్య ఉన్న ఘాట్ రోడ్డు ఈ లెక్కలో లేదు. అక్కడ కారును ఎవరో ఎత్తుకెళ్లి దింపుతారన్నమాట.

మరి నాలుగు పేర్లు కొట్టేస్తే పోలా? పోదు. ప్రతి పేరు వెనకా ఒక మనిషి ఉన్నారు. వంజంగి పెద్దమ్మాయిది, మేఘాల పైన నిలబడి రీలు తీయాలి. బొర్రా గుహలు చిన్నాడివి. అరకు కాఫీ అక్కయ్యది. దారిలో అన్నవరం అత్తగారిది, అసలు ఆవిడ కారెక్కుతున్నదే సత్యదేవుడి కోసం. పేరు కొట్టేయడమంటే ఆ మనిషితో మూడు రోజులు ముఖాలు చూసుకోకుండా ఒకే కారులో కూర్చోవడం.

బావగారికి మాత్రం ఏ చోటూ అక్కర్లేదు. ఆయనకు కావలసింది టోల్‌గేట్లు. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది కదా, మొదట్లో 3000 రూపాయలకు 200 ట్రిప్పులు. అంటే జాతీయ రహదారి మీద టోలు దాటినప్పుడల్లా పడేది 15 రూపాయలే. పాసు కొన్న నాటి నుంచి ఆయన ఇంట్లో కాలు నిలవడం లేదు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు అని టోల్‌గేట్ల పేర్లు వరసగా చెబుతూ ఎంత మిగిలిందో లెక్క చెబుతారు. డీజిల్ లెక్క అడిగితే ‘‘అది వేరే ఖాతా’’ అంటారు.

ఆరింటికి బయల్దేరాల్సిన కారు తొమ్మిదింపావుకి ఊరు దాటింది. మంకీ క్యాపులు దొరకలేదని ఒక గంట, రోడ్డు పక్క నేపాలీ కొట్లో స్వెటర్ల బేరం ఒక గంట, ఎల్బీ నగర్ దాటడానికి ఒక గంట. ఘాట్‌లో వాంతులు కాకుండా అత్తగారు అందరికీ అవోమిన్ బిళ్లలు పంచారు. ఆ బిళ్ల మలుపులు మొదలయ్యే ముందు వేసుకోవాలి. ఈవిడ హయత్‌నగర్‌లోనే వేయించారు. దాని ప్రభావంతో చౌటుప్పల్ దాటేసరికి డ్రైవింగ్ సీటు తప్ప మిగతా ఆరు సీట్లూ గుర్రు పెట్టాయి. ఘాట్ అక్కడికి ఇంకా 500 కిలోమీటర్లు.

తెల్లవారుజామున మూడింటికి బెజవాడ దుర్గగుడి ఫ్లైఓవర్. పెద్దమ్మాయికి మెలకువ వచ్చి ఒక సెల్ఫీ తీసి స్టేటస్ పెట్టింది. పిల్లకు తెలియంది ఏమిటంటే అది ధనుర్మాసం. ముగ్గు కోసం నాలుగింటికే లేచిన పిన్నిగారు ఫోను చూశారు. కారు హనుమాన్ జంక్షన్ చేరేలోపే మోగింది. ‘‘ఏరా అబ్బాయ్, మా ఊళ్లోంచి పోతూ గుమ్మం తొక్కలేదే! మేం చచ్చామనుకున్నారా?’’ తిరుగు ప్రయాణంలో తప్పకుండా వస్తామని బావమరిది మాటిచ్చాడు. ఎక్సెల్ తెరిచి చూస్తే ఆదివారానికి ‘రిటర్న్’ అని ఒకే ఒక్క గడి ఉంది. దాంట్లోనే పిన్నిగారిని సర్దాడు.

ఏలూరు దరిదాపుల్లో మంచు కమ్మింది. నిర్మలమైన ఆకాశం, గాలి లేని రాత్రి, పక్కన కాలవలూ చేపల చెరువులూ. మంచు దట్టంగా పట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? బావగారు హైబీమ్ వేశారు. ఎదర తెల్ల గోడ లేచింది. మంచులోని నీటి బిందువులు ఆ వెలుగును తిప్పి డ్రైవరు కళ్లలోకే కొడతాయి. అందుకే లోబీమ్ వేసుకుని, ఫాగ్ లైట్లుంటే వెలిగించి, మెల్లగా పోవాలి. వెనక సీట్లోంచి అత్తగారు, ‘‘బాబూ, ఆ దీపం తగ్గించు, కళ్లు పోతున్నాయి’’ అన్నారు. ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ చేరకుండా ఆవిడ చెప్పిన ముక్క అదొక్కటే ఆ రాత్రి కారును కాపాడింది.

తెల్లారాక దారి అసలు స్వరూపం చూపించింది. రావులపాలెంలో ఆత్రేయపురం పూతరేకులు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకని బోర్డు చూసి మూడు డబ్బాలు ఎక్కువే తీసుకున్నారు. కడియపులంక దగ్గర రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలు, విరగబూసిన చేమంతులు. ‘‘వచ్చేటప్పుడు కొందాం’’ అని బావగారు మొత్తుకుంటున్నా వినకుండా అక్కయ్య ఆరు కుండీలు డిక్కీలో పెట్టించింది. డిక్కీలోని రజాయిలు ఒళ్లోకి వచ్చాయి. ఆ చేమంతులు మన్యం చూసి వచ్చిన చేమంతులయ్యాయి. అన్నవరంలో దర్శనం, ఆపైన అడ్డాకులో పొట్లం కట్టిన వేడివేడి ప్రసాదం. గోధుమనూక, నెయ్యి వేళ్లకంటుకుంటుంటే కాసేపు ఎవరూ ప్లాన్ ఊసెత్తలేదు. నిజానికి ఈ ప్రయాణంలో అందరూ సుఖంగా ఉన్న ఘడియ అదే. ఎక్సెల్‌లో దానికి రంగు లేదు.

శనివారం సాయంత్రం నాలుగింటికి లంబసింగి వచ్చింది. ఎండ కాస్తోంది. చలీ లేదు, మంచూ లేదు. ఏడు మంకీ క్యాపులు దిగి నాలుగు దిక్కులూ చూశాయి. బావగారు టీ కొట్టు మనిషిని నిలదీశారు.

‘‘మంచేదయ్యా?’’

‘‘తెల్లార్తే ఉండీది బాబూ. ఎండెక్కితే ఎల్లిపోద్ది.’’

టీ కొట్టు మనిషి చెప్పింది అక్షరాలా భౌతికశాస్త్రం. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. రాత్రి నేల వేడిని వదిలేస్తే, బరువెక్కిన చల్లగాలి కొండల మీంచి జారి పల్లంలో చేరుతుంది. అందుకే చలి తెల్లవారుజాముకే ముదురుతుంది. చెరువులవేనంలోనూ వంజంగిలోనూ లోయ నిండా పాలనురుగులా కనిపించే మేఘం కూడా అదే వేళ సరుకు. ఎండ కాస్త గట్టిపడగానే విడిపోతుంది. ఇక టీవీలు చెప్పే ‘సున్నా డిగ్రీలు’ నిజమో కాదో తేల్చేది దగ్గర్లోని చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలోని థర్మామీటరు. అది తరచుగా సున్నాకు చాలా పైనే ఆగిపోయి చానళ్లను చిన్నబుచ్చుతుంది. ఎప్పుడైనా గడ్డి మీద తెల్లగా పేరుకుంటే అది ఆకాశం నుంచి రాలిన హిమం కాదు, అక్కడికక్కడే గడ్డకట్టిన తేమ.

అంతగా చలే కావాలనుకుంటే ఎదురు దిక్కున ఆదిలాబాద్ ఉంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద 300 కిలోమీటర్లు, లంబసింగిలో సగం దూరం. ఆ జిల్లాలోనూ కుమురం భీం ఆసిఫాబాద్‌లోనూ రాత్రి ఉష్ణోగ్రత ఆరు డిగ్రీల కిందికి జారిన రోజులున్నాయి. దారిలో కుంతాల జలపాతం, నిర్మల్ కొయ్యబొమ్మలు. ఈ మాట గ్రూపులో ఎవరో అన్నారు కూడా. ‘‘ఆదిలాబాద్ వెళ్లొచ్చామంటే ఎవరు లైక్ కొడతారు?’’ అని పెద్దమ్మాయి ఒక్క వాక్యంతో ఉత్తర తెలంగాణను కొట్టేసింది. దగ్గర ప్రయాణమైతే చాలనుకున్న తోడల్లుడుగారు శ్రీశైలం పెట్టుకున్నారు. అదీ శుక్రవారం ఆఫీసు అయ్యాకే. పులుల అడవి కాబట్టి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు వేసేస్తారు. ఆయన పదింటికి చేరారు. రాత్రంతా కారులో కూర్చుని, గేటు ఫొటో ఒకటి గ్రూపులో పెట్టారు. దానికి మాత్రం బోలెడు లైకులు వచ్చాయి.

లంబసింగిలో గదులు దొరకలేదు. ముందే బుక్ చేసుకున్నవాళ్లవి గదులు, మిగిలినవాళ్లవి గుడారాలు. ఆదివారం నాలుగింటికి లేచి కొండెక్కాలని తీర్మానం. ఏడుగురికి రెండు బకెట్ల వేడినీళ్లు. చెరువులవేనం చేరేసరికి ఎనిమిదిన్నర. లోయలో మేఘం ఆఖరి తునకలు రెండు అటూ ఇటూ తిరుగుతున్నాయి. పెద్దమ్మాయి వాటి ముందే నిలబడి రీలు తీసింది. బొర్రా గుహలు సాయంత్రం అయిదింటికి మూసేస్తారని, అరకు మీదుగా అక్కడికెళ్లి చూసి వస్తే సోమవారమూ మంగళవారమూ కలిసిపోతాయని బావమరిది గడియారం చూపించాడు. చిన్నాడు ఏడుపు లంకించుకున్నాడు. అక్కడే దొరికిన స్ట్రాబెర్రీలు ఒక డబ్బా కొనిచ్చి ఊరుకోబెట్టారు. పదిలో ఎనిమిది రంగులు తెల్లబడ్డాయి.

తిరుగు ప్రయాణంలో బెజవాడ చేరేసరికి రాత్రి తొమ్మిది. పిన్నిగారు వంకాయ కారం పెట్టి కూర, ముద్దపప్పు, గోంగూర పచ్చడి చేసి ఉంచారు. ‘‘ఈ మంచులో రాత్రిపూట బండి నడుపుతారా? పడుకుని తెల్లారి పోండి’’ అన్నారు. ఆ వారాంతంలో ఎవరైనా చెప్పిన తెలివైన ప్లాన్ అదొక్కటే. రాసింది ఎక్సెల్‌లో కాదు, రాసింది గ్రూపులో లేని మనిషి. వెళ్లేటప్పుడు చేమంతి కుండీల్లో రెండు ఆవిడ ఉంచేసుకున్నారు.

సోమవారం తొమ్మిదిన్నరకు బావమరిదికి ఆఫీసు మీటింగ్. ఇంటి నుంచి పని అని ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి కెమెరా ఆపేసి, మైకు తెరిచి, ‘‘వైఫై కొంచెం డల్‌గా ఉంది సార్’’ అంటూ మొదలుపెట్టాడు. ఎదర కిలోమీటరు పొడవున కార్ల వరస. బావగారు అద్దం దించి, పాసు తీసుకున్నాక ఇది ఎన్నో ట్రిప్పో పక్క కారాయనకు వివరిస్తున్నారు. వేడి పల్లీలు, జామకాయలు అమ్మే కుర్రాడొకడు సరిగ్గా కిటికీలో తల పెట్టి అరిచాడు.

అవతల మేనేజరు ఒక్క క్షణం ఆగాడు. ‘‘సరే గానీ, ఇప్పుడెక్కడున్నావ్, కొర్లపహాడా, పంతంగా?’’