విశేషణం కింద నీరు

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి. మా జిల్లాలో ఈ మూడు ఊళ్ళలో ఏ బస్టాండు ఎదురుగా చూసినా మేడ మీద స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డు ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే పిల్లలు ఆ మెట్లెక్కి, మాట పక్కన ఏ మాట కూర్చోవాలో నేర్చుకుంటారు. టీ అయితే స్ట్రాంగ్, కంప్యూటర్ అయితే పవర్‌ఫుల్. నిద్రపోతే సౌండ్ అస్లీప్, మేలుకుంటే వైడ్ అవేక్.

"స్ట్రాంగ్ రెయిన్ అంటే ఏం సార్?"

"తప్పు. రెయిన్‌కి హెవీయే."

"ఎందుకు సార్?"

"ఎందుకంటే అంతే."

"వానే లేని చోట హెవీ అయితేనేం, స్ట్రాంగ్ అయితేనేం సార్?"

ఇలా అడిగినవాణ్ణి బయట నిలబెడతారు. ఆ క్లాసులో పాఠం ఒంటబట్టింది వాడొక్కడికే.

మాస్టారిదీ తప్పు కాదు పాపం. మాట సంగతి దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందని 1957లో చెప్పిన జె.ఆర్. ఫర్త్, లండన్‌లో పేరు తెచ్చుకోకముందు లాహోర్‌లో ఇంగ్లిష్ ప్రొఫెసరు. ఆయన కూడా ఏ మాటకు ఏ సావాసమో చూడమన్నాడు గానీ ఎందుకా సావాసమో తేల్చలేదు. మనకు మాత్రం తెలుసా? చీకటి కటికది, వెన్నెల పండుది, అబద్ధం పచ్చిది. గొడ్డూగోదా అంటాం, ఆ గోదా ఎక్కడ మేస్తుందో ఎవరూ చూడలేదు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాసి పట్టపగలుకూ నట్టనడుమకూ సూత్రం కట్టాడు. ఆ సూత్రం పేరు వినని మా బాగేపల్లి అవ్వ కూడా పట్టపగలే అంటుంది, పట్టరాత్రి అనదు. ఆమెకు ఫీజు కట్టించుకున్నవాడు లేడు.

కాబట్టి టీ స్ట్రాంగా, పవర్‌ఫులా అన్నది పెద్ద సమస్య కాదు. తప్పు జత వేస్తే నలుగురు నవ్వుతారు, అంతే. నవ్వు రాని జతలు వేరే ఉన్నాయి. అవి కోచింగ్ నోట్సులో దొరకవు, ప్రాజెక్టు రిపోర్టుల్లో దొరుకుతాయి. మా నీళ్ళన్నీ ఆ విశేషణాల కిందే ఉన్నాయి.

పెన్న, చిత్రావతి, పాపఘ్ని మా నంది కొండల చుట్టుపక్కలే పుట్టి కిందికి పోతాయి. పుట్టింట్లో మాత్రం తడి లేదు. వెయ్యి అడుగులు దాటినా బోరులో దుమ్ము లేస్తుంది. దుమ్ము కాకపోతే ఫ్లోరైడు వస్తుంది. అందుకని ఏళ్ళ తరబడి జనం రోడ్డెక్కుతూనే ఉన్నారు. ఆ ఉద్యమం పేరు 'శాశ్వత నీరావరి హోరాట'. నీరావరి అంటే సాగునీరు, హోరాట అంటే పోరాటం. ఇందులో 'శాశ్వత' దేనికి విశేషణం? నీటికనుకుని జనం ధర్నాకు కూర్చున్నారు. పోరాటానికనుకుని ప్రభుత్వాలు ఊరుకున్నాయి. వ్యాకరణం ప్రకారం రెండూ ఒప్పే. అమల్లో మాత్రం ప్రభుత్వాల అన్వయమే నెగ్గింది.

రెండో జత 'డ్రింకింగ్ వాటర్'. పడమటి కనుమల నుంచి 24.01 టీఎంసీల నీళ్ళు తూర్పు జిల్లాలకు మళ్ళించే ఎత్తినహొళె పథకానికి 2014లో చిక్కబళ్ళాపురంలోనే శంకుస్థాపన చేశారు. అందులో తాగడానికి దాదాపు 14 టీఎంసీలు, మిగిలిన పదీ చెరువులకు. అయినా మొత్తానికీ తాగునీటి పథకమనే పేరు. ఎందుకంటే ఆ పేరు ఉంటే 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి అక్కర్లేదు. కనుమల్లో కొట్టాల్సిన చెట్ల గురించి మొత్తుకున్నవాళ్ళు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఆ జత మాత్రం చెక్కుచెదరలేదు. రెండు మాటలు పక్కపక్కన కూర్చుని ఒక అడవికి దారి చేసుకోవడం ఏ కోచింగ్ సెంటరూ నేర్పని విద్య.

విశేషణాలకు డిగ్రీలుంటాయని కూడా ఈ పథకమే నేర్పింది. పాజిటివ్ డిగ్రీ 8,323 కోట్లు. కంపారిటివ్ 12,912 కోట్లు. సూపర్‌లేటివ్ 23,251 కోట్లు. ఇంగ్లిష్‌లో అక్కడితో డిగ్రీలు అయిపోతాయి, కాంట్రాక్టుల్లో అయిపోవాలని రూలు లేదు. 2024 సెప్టెంబర్ 6న, గౌరి పండుగనాడు, మొదటి దశకు ప్రారంభోత్సవం జరిగింది. జరిగింది సకలేశపుర వైపు. మా వంతుకు ఒక క్రియావిశేషణం వచ్చింది: 'షార్ట్‌లీ'. ఆఫీసు ఇంగ్లిష్‌లో ఇంత చవకైన మాట ఇంకోటి లేదు. తేదీ వేస్తే రేపు ఎవడైనా నిలదీస్తాడు, 'షార్ట్‌లీ'ని నిలదీసినవాడు లేడు.

మూడోది అసలైన ఇంద్రజాలం. బెంగళూరు స్నానాల గదుల్లోంచీ పాయిఖానాల్లోంచీ వెళ్ళేటప్పుడు దాని పేరు మురుగు. హెబ్బాళ-నాగవార లోయ పథకం పైపుల్లో పడి మా వైపు తిరిగాక దాని పేరు 'సెకండరీ ట్రీటెడ్ వాటర్'. నామవాచకం మాయమైంది, విశేషణం మిగిలింది. రోజుకు 21 కోట్ల లీటర్లు, 65 చెరువులు అన్నది లెక్క. మూడో దశ దాకా శుద్ధి చేసి పంపండయ్యా అంటే, ఇవి తాగడానికి కాదు, భూగర్భ జలాలు పెరగడానికి అని జవాబు. నిజమే. మేం తాగేది ఆ భూగర్భ జలమే. 2018లో ఇలాంటి నీళ్ళే మరో లోయ నుంచి వస్తే కోలారు లక్ష్మీసాగర చెరువు నురగలు కక్కింది. నురగకు మాత్రం ఇంగ్లిష్ రాదు, చూసినవాళ్ళందరికీ అర్థమైంది.

ఇక పేర్ల సంగతి. 2025 జులై 2న నంది కొండ మీద మంత్రివర్గం కొలువుదీరి బాగేపల్లిని 'భాగ్యనగర' చెయ్యాలని తీర్మానించింది. పల్లి పోయి నగరం వస్తుంది, ముందు భాగ్యం వచ్చి కూర్చుంటుంది. విశేషణం తగిలించడంలో మా ప్రభుత్వాలకున్న చురుకు పైపు తగిలించడంలో ఉంటే ఈపాటికి మా పిల్లల పళ్ళు తెల్లగా ఉండేవి.

కనుక కోచింగ్ సెంటర్ల వారికి నాదొక హంబుల్ రిక్వెస్ట్. టీ, కంప్యూటర్ చాలు. ఈసారి పరీక్షకు ఈ ప్రశ్నలివ్వండి.

1. 'శాశ్వత నీరావరి హోరాట'లో విశేషణం దేనికి చెందునో మంత్రిగారి కారుకు అడ్డం నిలబడి వివరింపుము. పోలీసులు వచ్చేలోగా ముగించవలెను.

2. సరైన క్రియావిశేషణం ఎన్నుకొనుము: నీళ్ళు (షార్ట్‌లీ / ఇమీడియట్‌లీ / ఎలక్షన్‌లీ) వచ్చును.

3. సెకండరీకి, టెర్షియరీకి భేదమేమి? ఆ భేదానికయ్యే ఖర్చు మురుగు వదిలినవారు భరించవలెనా, తాగినవారు భరించవలెనా?

4. ఖాళీలు పూరింపుము. ఖాళీలు 65, అన్నీ చెరువులే. మురుగుతో పూరించిన జవాబులు దిద్దబడవు.