పవర్‌పాయింట్‌తో బొమ్మల వీడియో: పిల్లలు పారిపోయే పద్ధతి

2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో సర్కారు బడి పిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు పవర్‌పాయింట్ ముందు కూర్చున్న సార్లు, మేడాలు కొందరు ఇంకా లేవలేదు. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఏదో ఒక స్టాఫ్‌రూములో ఇప్పటికీ ఒక బొమ్మ గిరగిరా తిరుగుతూనే ఉంది. కొత్తగా కూర్చోబోయేవాళ్లకు కొన్ని మెలకువలు చెబుతాను. శ్రద్ధగా పాటిస్తే మీ వీడియోను పిల్లలు చివరిదాకా చూసే ప్రమాదం తప్పుతుంది.

అన్నిటికన్నా ముందు, ఏం చెప్పాలో రాసుకోకండి. గొంతు రికార్డు చేయడం ఆఖరి పని. మొదట మంచి డిజైన్ వెతకాలి. దానికే ఒక సాయంత్రం పోవాలి. చేర్యాల నకాశీ పటాలు పట్టుకుని ఊరూరా కులపురాణాలు చెప్పినవాళ్లు కథను నోటితో నడిపించి, ఆ ఘట్టం వచ్చినప్పుడే ఆ బొమ్మ చూపించేవారు. బొమ్మ మాట కోసం ఆగేది. పాపం, వాళ్లకు సాఫ్ట్‌వేర్ లేదు కాబట్టి అట్ల నడిచింది. మనకుంది గనక బొమ్మలన్నిటినీ ముందే పరుగెత్తించి, తర్వాత వాటి వెనక రొప్పుతూ పాఠం చదువుదాం.

వీడియోగా మార్చేటప్పుడు ఒక్కో స్లైడుకు 5 సెకన్లు అని కనిపిస్తుంది. ముట్టుకోకండి. అంత పెద్ద కంపెనీ తెలియక పెడుతుందా? శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువలో పడి దిగువ మానేరుకు చేరే పటానికీ 5 సెకన్లే, 'ధన్యవాదములు' అనే స్లైడుకూ 5 సెకన్లే. ఇంతకన్నా సమన్యాయం ఎక్కడుంది? రికార్డ్ బటన్ నొక్కి, చదువుకుంటూ మీ వేగానికి స్లైడ్లు మార్చుకుంటూ పోతే ఆ టైమింగులే వీడియోలోకి వస్తాయని ఎవరన్నా చెబితే విననట్టు ఉండండి.

ఇక అసలు కళ. నాగోబా జాతర మీద రెండు నిమిషాల వీడియో చేస్తున్నారనుకుందాం. గోండుల్లోని మెస్రం వంశీయులు కేస్లాపూర్ నుంచి జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా చెప్పుల్లేకుండా నడిచిపోయి గోదావరి నీళ్లు తెస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకు అభిషేకం. పాఠమంతా ఆ నడకలోనే ఉంది. అందుకే ముందు నడకను తీసేయాలి. మనుషుల బొమ్మకు 'ఫ్లై ఇన్' యానిమేషన్ పెట్టండి; ఎడమ పక్క నుంచి రివ్వున వచ్చి కేస్లాపూర్‌లో వాలతారు. 'బౌన్స్' పెడితే ఇంకా బాగుంటుంది, చేతిలోని నీళ్ల పాత్రతో సహా బంతిలాగా ఎగిరెగిరి కుదురుకుంటారు.

మోషన్ పాత్‌లలో 'కస్టమ్ పాత్' అని ఒకటుంది. మ్యాపు మీద మౌస్‌తో బాట ఎట్ల గీస్తే బొమ్మ అట్లనే వంకలు తిరుగుతూ పోతుంది. వ్యవధిని పది పన్నెండు సెకన్లకు పెంచితే నెమ్మదిగా కదులుతుంది. దాని మీద 'టీటర్' కూడా పెట్టి, అది మొదటిదానితో కలిసి నడిచేలా 'విత్ ప్రీవియస్' అని ఎంచుకుని, బాట అయిపోయేదాకా మళ్లీ మళ్లీ వచ్చేలా రిపీట్ ఇస్తే, బొమ్మ అటూ ఇటూ ఊగుతూ అడుగులేస్తున్నట్టే ఉంటుంది. ఒక్క బొమ్మతో నడక వచ్చేస్తుందన్నమాట. అంత తేలిగ్గా వచ్చేదాన్ని ఎవరు మెచ్చుకుంటారు? వదిలేయండి.

బొమ్మ ఎక్కడిదంటారా? 'ట్రైబల్' అని వెతికితే మొదట ఏది దొరికితే అది. మెస్రం వాళ్లు తెల్లబట్టలు, తలపాగాలతో నడవడం మీరు కళ్లారా చూసినవాళ్లే అయినా, తల మీద గుస్సాడీ నాట్యంలోని నెమలి పింఛాల టోపీ పెట్టేయండి. అది దీపావళి దండారిలో కదా అని ఉట్నూరు పిల్లవాడు అడిగితే, నాట్యకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చింది గుస్సాడీకే, దాన్ని ఏ పండగకైనా పెట్టుకోవచ్చు అని గద్దించండి. బొమ్మ చుట్టూ తెల్ల డబ్బా తప్పకుండా ఉండాలి. అడవిలో మనిషితో పాటు ఆ డబ్బా కూడా నడవాలి. దాన్ని చెరిపేసే 'రిమూవ్ బ్యాక్‌గ్రౌండ్' బటన్ 'పిక్చర్ ఫార్మాట్'లో ఎడమ చివరనే ఉంటుంది, అటు చూడకండి.

'మార్ఫ్' అనే ట్రాన్సిషన్ జోలికి అసలు పోవద్దు. స్లైడుకు కాపీ తీసి, రెండోదాంట్లో ఎడ్లబండిని కుడివైపు జరిపి మార్ఫ్ పెడితే, మధ్యలో కదలికంతా అదే చూసుకుంటుంది. ఇది మన కష్టానికి అవమానం. మోజుపడి పెట్టినా, రెండో స్లైడులో పాత బండి తీసేసి వేరే బండి అతికించండి. అప్పుడది నడవదు, ఇక్కడ మాయమై అక్కడ తేలుతుంది. 'సెలెక్షన్ పేన్'లో రెండిటికీ '!!బండి' అని ఒకే పేరు పెడితే గుర్తుపడుతుందట. మనవి 'పిక్చర్ 47', 'పిక్చర్ 112' గానే ఉండాలి.

అక్షరాలకు అను ఫాంటే వాడండి. మీ కంప్యూటర్లో ముత్యాల్లా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయి బడి కంప్యూటర్లో తెరిస్తే పాఠం పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, గీతలు కలిసి ఏదో చేతబడి మంత్రంలా కనిపిస్తుంది. రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి గానీ వాటితో ఈ వినోదం ఉండదు.

భాష సంగతి మరీ ముఖ్యం. మల్యాల మండలం లంబాడిపల్లిలో 'మై విలేజ్ షో' యూట్యూబ్ చానల్ వాళ్లు, అందులోని గంగవ్వ, ఊరి మాటను ఊరి మాటలాగే మాట్లాడి తెలుగువాళ్లందరినీ ఫోన్ల ముందు కూర్చోబెట్టారు. ఆ పొరపాటు మీరు చేయకండి. 'నీళ్లు వచ్చినయ్' అంటే పాఠమే అర్థమైపోతుంది. 'జలములు ఏతెంచినవి' అనండి, అదీ వార్తలు చదివే గొంతుతో. నార్నూర్, ఇంద్రవెల్లి పిల్లల కోసమైతే గోండిలో ఒక్క వాక్యం కూడా పడకూడదు. నార్నూర్ మండలం గుంజాలలో వెలుగుచూసిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది, ఫాంటు కూడా వచ్చింది. అంటే స్లైడు మీద రాయలేమని చెప్పడానికి మనకు సాకు లేకుండా పోయింది. ఆ సంగతి తెలియనట్టే ఉందాం.

చివరగా, వెనక డప్పు మోగాలి, మీ గొంతు కన్నా గట్టిగా. ఎక్స్‌పోర్ట్‌లో 4కే ఎంచుకోవాలి. ఫోన్లో చూడ్డానికి 720 చాలని కొందరంటారు. వాళ్లు సిగ్నల్ అందని గూడేల గురించి ఆలోచిస్తున్నారు, మీరు కళ గురించి ఆలోచించండి.

ఇట్ల చేసిన వీడియో ఇప్పటికే మీ దగ్గరుంటే జిల్లా టీచర్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టండి. నాకు మాత్రం దయచేసి పంపకండి, నా ఫోన్లో జాగా లేదు.