శాతావధాని

మా కాలేజీలో శతావధానులు లేరు గానీ, శాతావధానులు సెక్షన్‌కి పదిమందైనా ఉంటారు. నేను పాఠం చెప్పే ఈసీఈ రెండో ఏడాదిలో మూడో బెంచీ కుర్రాడు వాళ్లందరికీ గురుతుల్యుడు. మొదటి ఏడాది లెక్కల పేపరు ఎమ్‌వన్ ఇంకా బ్యాక్‌లాగే. సప్లీ కూడా ఒకసారి రాసి, మళ్లీ తప్పాడు. అలాంటివాడికి హాజరు లెక్క మాత్రం దశాంశాలతో సహా నోటికొచ్చు.

జేఎన్టీయూ కింద చదివే పిల్లలకి జీవితమంతా రెండంకెల మధ్యే నడుస్తుంది. 75 శాతం ఉంటే నిక్షేపంగా పరీక్ష రాయొచ్చు. 65కీ 75కీ మధ్య పడితే మెడికల్ సర్టిఫికెట్టు, దాంతోపాటు కండోనేషన్ ఫీజు. (ఆ సర్టిఫికెట్లు చూస్తే మా ఊరిలో టైఫాయిడ్ ఏటా రెండుసార్లు, సరిగ్గా సెమిస్టర్ చివర్లోనే వస్తుందని తెలుస్తుంది.) 65 కిందికి జారితే డిటైన్. అంటే జూనియర్లతో కలిసి కూర్చోవడం, వాళ్లచేత ‘అన్నా’ అనిపించుకోవడం.

ఓసారి గేటు ముందు టీ బండి దగ్గర మావాడు జూనియర్లకి ఉపదేశం చేస్తుంటే విన్నాను. “60 క్లాసులకి 39 ఉన్నయనుకో, 65 శాతం. ఇప్పట్నుంచి ఒక్కటీ ఇడవకుండా ఎన్నొస్తే 75 అయితది?” పిల్లలు ఫోన్లలో కాలిక్యులేటర్లు వెతుక్కుంటున్నారు. “24,” అన్నాడు వాడే, బిస్కెట్టు టీలో ముంచుతూ. “75 మీద కూసున్నోడు ఒక్కటి ఎగ్గొడితే మూడు కూసొని తీర్చాలె. ఒకటికి మూడు.” ఇంతటి వడ్డీ మా ఊళ్లో తాకట్టు కొట్టు సేటు కూడా లాగడు.

అవధానం అని ఊరికే అనలేదు. సెమిస్టర్ సగానికొచ్చేసరికి వీడి చుట్టూ పృచ్ఛకులు చేరతారు. ఒకరు అసైన్‌మెంట్ అడుగుతారు, ఒకరు సెమినార్ అంటారు, ల్యాబ్‌లో రికార్డు. రికార్డు సంగతి కాస్త చెప్పాలి. జెనర్ డయోడ్ గ్రాఫు వీడు గీయడు. మిత్రుడి గ్రాఫు మీద తెల్ల కాగితం పెట్టి, హాస్టల్ కిటికీ అద్దానికి ఆనించి, ఎండ వెలుగులో దించేస్తాడు. దాన్ని గ్లాస్ ట్రేసింగ్ అంటారు. ఆ మిత్రుడు సీనియర్‌ది చూసి దించాడు, ఆ సీనియర్ తన సీనియర్‌ది. మూడేళ్ల కిందట ఎవడో ఒక బిందువు పక్కకి పెట్టాడు. ఆ వంకర ఇప్పటికీ నా దగ్గరికి వస్తూనే ఉంది. పాత స్నేహితుణ్ణి చూసినట్టుంటుంది. సంతకం పెట్టేస్తాను.

అప్రస్తుత ప్రసంగం వాళ్లమ్మది. రాత్రి పదకొండింటికి జనగామ నుంచి ఫోను: “తిన్నవా బిడ్డా? ఏం కూర పెట్టిండ్రు?” ఏ కూరో వాడికీ తెలియదు, మెస్‌వాడికి తెలుసేమో. ఘంటాగణనం కూడా ఉంది, కళ్లు మూసుకుని కూడా గంటలు లెక్కపెట్టగలడు. ధారణ దగ్గరే దెబ్బ, ఏది గుర్తుంచుకోవాలో తేలదు.

ఎందుకంటే మొదటి మిడ్‌కి సిలబస్ రెండున్నర యూనిట్లు. రెండు అందరికీ తెలుసు. ఆ అర ఎక్కడ ఆగుతుందన్నదే వేదాంతం. మిడ్‌కి ముందు రోజు సాయంత్రం నుంచి వాట్సాప్ గ్రూపులో ఇదే చర్చ: క్లిప్పర్లు అరలోకి వస్తాయా, రావా? రాత్రి ఒంటిగంటకి తీర్మానం: రావు. రెండింటికి ఎవడో ఒకడు నాకు మెసేజ్ పెడతాడు: “సార్, క్లిప్పర్స్ ఉన్నాయా సార్?” పొద్దున పరీక్ష గది బయట జెరాక్స్ కాగితాలు రెపరెపలాడుతుంటాయి. పుస్తకంలో నాలుగు పేజీలు ఒక్క పేజీలో పట్టేంత చిన్నక్షరాలు. వాటిని చదవడానికి కళ్లు కాదు, భక్తి కావాలి.

మొన్న మూడో గంట అయ్యాక వాడు స్టాఫ్‌రూమ్‌కి వచ్చాడు. చేతిలో రికార్డు, దాని వెనక అట్ట నిండా లెక్కలు.

“సార్, పోర్టల్‌ల నాకు 240కి 179 చూపిస్తుంది సార్. 74.58. నాది 180 ఉండాలె.”

“పోర్టల్ తప్పు చెబుతుందా?”

“పోర్టల్ కాదు సార్. మీరు.” చాలా మర్యాదగానే అన్నాడు. “పోయిన మంగళవారం రెండో గంట నాకు ఆబ్సెంట్ ఏసిండ్రు. ఆ రోజు ఫోన్ చూస్తున్నానని మీరు నన్ను నిలబెట్టిండ్రు సార్. గంటంతా నిలబడే ఉన్నా.”

నిజమే. నిలబెట్టాను. పక్క నంబరుకి పడాల్సిన ఆబ్సెంటు వీడికి పడింది. రిజిస్టర్ తీసి, పోర్టల్ తెరిచి, పాస్‌వర్డ్ మర్చిపోయి, మళ్లీ తెచ్చుకుని సరిచేసేసరికి ఇరవై నిమిషాలు. 180. సరిగ్గా 75. వాడి ముఖం వెలిగింది. అప్పుడే గోడ గడియారం చూసి ఆరిపోయింది.

“ఇప్పుడు క్లాసు ఎవరిదిరా?”

“మ్యాథ్స్ మేడమ్‌ది సార్. పది నిమిషాలు దాటితే రానియ్యరు.”

రికార్డు అట్ట మీద ఏదో గీసి, తల పైకెత్తాడు. “మూడు, సార్. లంచ్ తర్వాత మూడే ఉన్నయి. సాయంత్రానికి తీరిపోతది.”

ఆ మూడింటిలో మొదటిది నాదే. ఒక పూట లీవు చీటీ రాసి టేబుల్ మీద పెట్టుకుని ఉన్నాను. వాడు దానివైపే చూస్తున్నాడు.