‘తగు ఆహారము తెచ్చుకొనగలరు’: సటీక, సతాత్పర్యం

మూలం: “శిబిరార్థులు తగు పరిమాణములో, పోషక విలువలు కలిగి త్వరగా చెడిపోని ఆహారమును వెంట తెచ్చుకొని, సురక్షిత విధానములో భద్రపరచుకొని, సకాలములో స్వీకరించగలరు. ఆహార సంబంధ అస్వస్థతలకు నిర్వాహకులు బాధ్యులు కారు.”

అవతారిక: సెలవులు దగ్గరపడితే చాలు, మారేడుమిల్లి అడవిలో ఒక రాత్రి టెంటు మకాం అంటూ ప్రకటనలు ఫోను నుంచి ఫోనుకు తిరుగుతాయి. వాటిలో రుసుముకూ ఖాతా నంబరుకూ మధ్య ఇలాంటి వాక్యం ఒకటి కొలువుదీరి ఉంటుంది. రాసినవారి పేరు కనబడదు గనక వేదంలాగే ఇదీ అపౌరుషేయం అనుకోవాలి. రుసుము అంకెల్లో ఉంటుంది. బస్సు కదిలే వేళ అంకెల్లో ఉంటుంది. మానుకుంటే డబ్బు వాపసు రాదన్న మాట ఎర్రటి అక్షరాల్లో ఉంటుంది. తిండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంకెలన్నీ మాయమై గ్రాంథికం దిగుతుంది. ఇంతటి గంభీర వాక్యం టీక లేక పడి ఉండటం చూడలేక ఈ వ్యాఖ్యాత పూనుకున్నాడు.

వ్యాఖ్యాతలందరికీ గురువు మల్లినాథ సూరి. మెదక్ దగ్గరి కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన ముందే ఒట్టు పెట్టుకుని కాళిదాసు జోలికి వెళ్లాడు. ప్రస్తుత మూలం విషయంలో ఆ ఒట్టులో మొదటి సగం పాటిస్తే టీక ఒక్క పంక్తి కూడా సాగదు, మూలంలో ఏమీ లేదు గనక. రెండో సగం పాటించే ఉద్దేశం ఈ వ్యాఖ్యాతకు మొదటినుంచీ లేదు.

‘ఆహారము’ అనగా అన్నము, ‘వెంట’ అనగా కూడా అని చెప్పే పని బడి గైడ్లది. వాటిని దాటి తిన్నగా ‘తగు పరిమాణము’ దగ్గరికి వద్దాం. వాక్యానికి అర్థం పుట్టాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలని శాస్త్రం. ‘తగు’ అని వినగానే ‘ఎంత?’ అనే ఆకాంక్ష పుడుతుంది. పుట్టిన ఆకాంక్షను అలాగే వదిలేసి వాక్యం ముందుకు పోతుంది. చెప్పాలనుకుంటే ఇందులో దాపరికమేమీ లేదు. మూట మోసుకుని కొండలు ఎక్కేవాళ్లు మనిషికి రోజుకు సుమారు 700 నుంచి 900 గ్రాముల పొడి తిండి లెక్కగడతారు. 100 గ్రాముల పల్లీల్లో 570 కేలరీల దాకా ఉంటే, అంతే బరువు అన్నంలో ఉండేవి 130. వండిన అన్నంలో మూడింట రెండు వంతులు నీళ్లే. దాన్ని వీపున వేసుకుని కొండెక్కడమంటే ఇంట్లోని నీళ్లను అడవికి మోయడం. అటుకులు, పేలపిండి, పల్లీ పట్టీలు, వేయించిన రవ్వ అన్న నాలుగు మాటలు రాసి ఉంటే ‘పోషక విలువలు’ అన్న సమాసం ఖర్చు కాకుండా మిగిలేది.

‘త్వరగా చెడిపోని’ అన్నది ఈ మూలానికి హృదయం. త్వరగా అంటే ఎంతసేపట్లో? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సంగతి తేటగా చెప్పింది. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి కాబట్టి వండిన పదార్థాన్ని ఆ మధ్యలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. బయట వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువు గంటేనని అమెరికా వ్యవసాయ శాఖ అంటుంది. ఏప్రిల్‌లో రాజమండ్రి బస్టాండులో నిలబడ్డవాడికి 32 డిగ్రీలంటే చలికాలం కిందే లెక్క. అన్నానికి వేరే గండం ఉంది. బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి విత్తులు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా మూతకింద ఉంటే అవి మొలకెత్తి విషం విడుస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లో వాంతులు. “చద్దిని స్టవ్వు మీద వేడిచేసుకుంటే సరి” అనే వాదం ఇక్కడితో పడిపోయింది.

ఇక్కడ పూర్వపక్షం లేస్తుంది. “మన పెద్దలు సద్ది కట్టుకుని అడవులు తిరగలేదా? వాళ్లకేమైంది?” ప్రతి బృందంలోనూ ఒక పెద్దమనిషి ఈ ప్రశ్న వేస్తాడు, జవాబు కోసం కాదు. ఆయన్ని నిలబెట్టాలంటే భాగవతం తెరవాలి.

దశమ స్కంధంలో గోపబాలురు పొద్దున్నే చల్దులు చిక్కాల్లో పెట్టుకుని దూడల్ని తోలుకుని అడవికి బయల్దేరతారు. దారంతా ఆటలు, ఒకడి చిక్కం ఒకడు దాచి ఏడిపించడాలు. ఆ పైన అఘాసురుడు కొండచిలువై నోరు తెరిస్తే గుహ అనుకుని దూడలతో సహా లోపలికి నడవడం, కృష్ణుడు వెనకే వెళ్లి బతికించడం. అప్పుడు గాని యమున ఇసుకతిన్నె మీద మూటలు విప్పరు. పొద్దెక్కిందని, ఆకలిగా ఉందని కృష్ణుడే అంటాడు. రెండు గంటల గడువు కొండచిలువ దగ్గరే దాటిపోయిందన్నమాట. దాని పొట్టలో ఎన్ని డిగ్రీలో ఏ వ్యాఖ్యానమూ చెప్పదు. అయితే జఠరాగ్ని ప్రస్తావన ఉంది గనక చల్లగా లేదని తేలుతుంది.

పోతన ఇక్కడ కృష్ణుడి చేతిలో మీగడ పెరుగు కలిపిన చల్దిముద్ద పెట్టి, వేళ్ల సందుల్లో ఊరగాయలు ఇరికించాడు. చేతులు కడుక్కున్న ఊసు లేదు. యమున పక్కనే ఉంది కాబట్టి కడుక్కున్నారనుకోవడం మర్యాద. ఇంతలో దూడలు పచ్చిక ఆశకు దూరం పోతాయి, కృష్ణుడు ముద్ద చేతపట్టుకునే వెతకబోతాడు, ఆ సందులో బ్రహ్మ దూడల్నీ పిల్లల్నీ మాయంచేస్తాడు. ఎంతకాలం? ఒక ఏడాది. ఏడాది తర్వాత మళ్లీ అదే ఇసుకతిన్నె మీద అదే బంతి. పిల్లలకు మాత్రం క్షణం కూడా గడిచినట్టు లేదు. అప్పుడే వచ్చేశావే, నువ్వు లేకుండా మేం ఒక్క ముద్దా ముట్టలేదు అంటారు. అందరూ కలిసి ఏడాది నాటి చల్ది తిని, ఇంటికి పోయి, ఇవాళ కృష్ణుడు పెద్ద పామును చంపాడని చెబుతారు. ఊరి లెక్కకు అది నిరుటి పాము. తయారీ తేదీ విషయంలో ఇంత చిక్కు తెచ్చిన భోజనం వాఙ్మయంలో మరొకటి లేదు.

ఇందులో రెండు మతాలకు చోటుంది. బ్రహ్మ మాయలో పిల్లలతో పాటు మూటల్లోని సూక్ష్మజీవులూ నిద్రపోయాయన్నది శీతలనిల్వ వాదం. ఆ లెక్కన తొలి ఫ్రిజ్ సత్యలోకానిది. దీనికొక గట్టి ఆక్షేపం ఉంది. కృష్ణుడి చేతిముద్ద బ్రహ్మ దాచిన చోట లేదు. బ్రహ్మ తిరిగి వచ్చి చూసినప్పుడు ఆయన ఆ ముద్దతోనే వెతుకుతూ కనిపించాడని సంస్కృత మూలం పనిగట్టుకుని చెబుతుంది. ఎండాకాలం, వానాకాలం, ఆరుబయట, అరచేతి వేడిలో. అందుకని రెండోదైన పెరుగు వాదం ముందుకు వస్తుంది. పులుపు పెరిగి పీహెచ్ 4.6కు దిగితే బొట్యులిజం తెచ్చే సూక్ష్మజీవి పెరగలేదు. పెరుగులో పులుపు, ఊరగాయలో పులుపుతో పాటు ఉప్పు. ఇది శాస్త్రమే. దారిబత్తేనికి చింతపండు పులిహోరను, ఊరగాయను ఎంచుకున్న చేతులకు పీహెచ్ తెలియకపోయినా దాని ఫలితం తెలుసు. కానీ ఆ పులుపు ప్రతి మెతుకుకూ పట్టాలి. డబ్బా మధ్యలో పులుపు అంటని తెల్లన్నం గడ్డ మిగిలితే బాసిల్లస్‌కు అది చాలు. దేవుడి చేతిముద్దకు దొరికిన మినహాయింపు స్టీలు డబ్బాకు దొరకదు. పెద్దమనిషి ఇక కూర్చోవచ్చు.

ఇంతకీ మూలం ఎక్కడ ఆగింది? చెడిపోని ఆహారం దగ్గర. పులుపు కాక దీనికి రెండో దారి తడి తీసేయడం. పదార్థంలో సూక్ష్మజీవికి అందే తడిని ఒకటికి ఇంత అని కొలుస్తారు. అది 0.85కు దిగితే జబ్బు తెచ్చే బాక్టీరియా పెరగవు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంట్లో జడివానల్లో అతిథులకు వడియాలు, వరుగులు వడ్డించారంటే ఎండల్లోనే ఆ లెక్క చూసుకున్నారన్నమాట. ఉగాదికి ఉత్తర కర్ణాటక నుంచి నల్లమల మీదుగా శ్రీశైలానికి రోజుల తరబడి నడిచి వచ్చే భక్తుల దేశంలో జొన్నరొట్టెను అప్పడంలా ఎండబెట్టి, పల్లీల పొడితో తింటారు. తడి లేదు, బరువు లేదు, పొయ్యి అక్కర్లేదు. మైసూరులో 1961 నుంచి పనిచేస్తున్న రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల సైనికుల కోసం చేసే సంచి భోజనాలది మూడో దారి: గాలి చొరకుండా మూసి 121 డిగ్రీల దగ్గర ఉడికించడం. మూల రచయిత ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకుని ఉంటే టీకాకారుడి పొట్ట కొట్టినవాడయ్యేవాడు.

‘సురక్షిత విధానములో భద్రపరచుకొని’: ఎవరినుంచి? కర్మ ఉంది, అపాదానం లేదు. చీమలా, కోతులా, ఎలుగుబంట్లా? కాలిఫోర్నియాలోని యోసెమిటీ అడవిలో రాత్రి గడపాలంటే తిండిని ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టడం చట్టం. తిండే కాదు, టూత్‌పేస్టు, ఎండకు పూసుకునే క్రీము, వాసన వచ్చేవన్నీ అందులోకే. ఏదీ టెంటులో ఉంచకూడదు. అక్కడి సాఫ్ట్‌వేరు తెలుగువాళ్లు ఆ డబ్బా అద్దెకు తెచ్చుకుని ఆవకాయ సీసాను అందులో దించుతారు. రాతపూర్వకమైన నియమం ఉంటే మనవాళ్లూ పాటిస్తారని దీనివల్ల సిద్ధిస్తుంది. ఇక్కడి ప్రకటన ‘భద్రపరచుకొని’ అని ఊరుకుంటుంది. తిన్నాక కవర్లు ఏం చెయ్యాలో ఒక్క ముక్క ఉండదు. ఆ కవర్లు వాగు ఒడ్డున మిగులుతాయి, మర్నాటికి కోతులు వాటికి మరుగుతాయి, ఆ పైవారం వచ్చే పిల్లల చేతుల్లోంచి సంచులు లాక్కుంటాయి. ఇది చమత్కారం కాదు. చెత్త తిరిగి తీసుకురావాలన్న ఒక్క వాక్యం రాయడానికి నిర్వాహకులకు ఏ వ్యాకరణం అడ్డొచ్చిందో చెప్పాలి.

నీళ్ల ప్రస్తావన మూలంలో లేనే లేదు. గుప్పెడు మాటల సంగతి అది: వాగు నీళ్లు తెర్లాక ఒక నిమిషం మరగనివ్వాలి, 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. తెలుగు రాష్ట్రాల్లో అంత ఎత్తు కొండ లేదు గనక నిమిషం చాలు. చేతులకు సబ్బూ నీళ్లూ కావాలి. జేబులో జెల్ సీసా వాంతులు తెచ్చే నోరోవైరస్‌కు సరిపోదు.

‘సకాలములో స్వీకరించగలరు’ అన్నప్పుడు మారేడుమిల్లి బొంగులో చికెన్ స్మరించదగింది. పచ్చి వెదురుబొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకు బిగించి, నిప్పుల మీద పెడతారు. బొంగు పైన నల్లబడగానే ఉడికిందని ఆత్రపడే శిబిరార్థికి సకాలమంటే ఆకలి వేసిన కాలమే. వేడి 74 డిగ్రీలు అందాల్సింది బొంగు నడుమ ఉన్న ముక్కకు, బొంగుకు కాదు. ఊళ్లో రోజూ కాల్చేవాళ్లకు ఎంతసేపో చేతి అలవాటు. వాళ్లను చూసి క్యాంపులో అనుకరించేవాళ్లకు ఆ అలవాటు లేదు.

దారి గురించి ఎలా రాయాలో తెలియకపోవడానికి తెలుగులో నమూనా లేదా అంటే ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా పెద్ద పరివారంతో కాశీకి వెళ్లివచ్చాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర నిండా మజిలీ మజిలీకీ ఇదే గొడవ: ఈ ఊళ్లో అంగళ్లున్నాయా, ఏ సామాను దొరుకుతుంది, నీళ్లు ఎలాంటివి, దిగడానికి వసతి ఉందా. వెనక వచ్చేవాడికి పనికొస్తుందని రాసిన మాటలవి. రెండు శతాబ్దాలు కావస్తున్నా, ఫోనులో పటం ఉన్నా, ఈనాటి ప్రకటనలో మకాం దగ్గర కుళాయి ఉందో లేదో తెలియదు.

ఇక రెండో వాక్యం. “నిర్వాహకులు బాధ్యులు కారు.” దీనికి టీక అక్కర్లేదు. ప్రసాద గుణానికి ఇదే ఉదాహరణ. మూలం మొత్తంలో కర్త, క్రియ, ఫలం తేటగా తెలిసేది ఇక్కడే. అయితే మీమాంసకులకు ఒక నియమం ఉంది: ప్రకరణం అర్థం తేల్చాలంటే ఉపక్రమం, ఉపసంహారం రెండూ కలిపి చూడాలి. ఉపక్రమంలో ఆహారం ఎవరిది వారు తెచ్చుకోవాలి. ప్రకటన అట్టడుగున, చిన్న అక్షరాల్లో, ఉపసంహారం ఇలా ఉంటుంది: “రెండవ రోజు మధ్యాహ్నం నిర్వాహకుల తరఫున సాంబారన్నం, పెరుగన్నం ప్యాకెట్లు.”

మారేడుమిల్లిలో మధ్యాహ్నానికి అందాలంటే ఆ ప్యాకెట్లు 80 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని రాజమండ్రిలో తెల్లవారుజామునే కట్టాలి. వేడి సాంబారన్నం ప్లాస్టిక్ కవరులో, కవర్లన్నీ అట్టపెట్టెలో, పెట్టె వ్యాను వెనక. శిబిరార్థి తెచ్చుకున్న అటుకులకు, పల్లీ పట్టీకి ఏ గండమూ లేదు. ప్రకటనలో పేరున్న తిండిలో అస్వస్థత కలిగించగల సరుకు ఇదొక్కటే, బాధ్యులు కారన్న వాక్యం కాపలా కాస్తున్నదీ దీన్నే. ఈ అన్వయం కుదిరాక వ్యాఖ్యాత ఆ ప్రకటన మూడు నాలుగు రూపాలు పోల్చి చూశాడు. రుసుము మారింది, తేదీలు మారాయి, ఒకదాంట్లో ‘స్వీకరించగలరు’కు బదులు ‘ఆరగించగలరు’ అనే పాఠాంతరం ఉంది. ప్యాకెట్లు ఎన్ని గంటలకు కడతారన్నది ఏ పాఠంలోనూ లేదు.